డైనమైట్ ఫ్యాక్టరీ నుంచి నాలుక కింద మాత్ర దాకా

యాదగిరిగుట్ట అనంగనే అందరికీ నర్సింహస్వామి గుర్తొస్తాడు. కానీ గుట్ట పక్కనే పెద్దకందుకూరులో పేలుడు పదార్థాల ఫ్యాక్టరీ కూడా ఉంది. ఇయ్యాల్టి ముచ్చట పేలుడు మందుకీ, మన రక్తనాళాలకీ ఉన్న సంబంధం గురించి.

1847లో ఇటలీలోని ట్యూరిన్‌లో సొబ్రెరో నైట్రోగ్లిజరిన్ తయారు చేసిండు. కొంచెం నాలుకకి తగిలిస్తే చాలు, విపరీతమైన తలనొప్పి. 1867లో ఆల్‌ఫ్రెడ్ నోబెల్ దాన్ని డైనమైట్ చేసి పేటెంట్ తీసుకున్నాడు, ఫ్యాక్టరీలు పెరిగినయి. అక్కడి కూలీలకి సోమవారం తలనొప్పి వచ్చేది, వారం మధ్యకల్లా తగ్గేది, సెలవు అయ్యి వస్తే మళ్లీ మొదలు. కొందరికైతే సెలవు రోజునే ఛాతీలో నొప్పి. ప్రాణాలు పోయినోళ్లు కూడా ఉన్నరు. చర్మం నుంచి, గాలి నుంచి ఎక్కే మందుకి రక్తనాళాలు అలవాటు పడి, అది ఆగంగనే బిగుసుకునేవి. నోబెల్ పేరు లోకమంతా తెలుసు, ఆ కూలీల పేర్లు ఎవరికి తెలుసు?

1879లో లండన్ డాక్టర్ విలియం మరెల్ అదే నైట్రోగ్లిజరిన్‌ని గుండెనొప్పికి మందుగా ‘లాన్సెట్’లో రాసిండు. చివరి రోజుల్లో నోబెల్‌కి కూడా డాక్టర్లు అదే రాసిచ్చారు. పని చేస్తుందని తెలుసు, ఎట్ల చేస్తుందో తెలియదు. వందేళ్లు అట్లనే గడిచినయి.

1977లో మురాద్, ఈ మందు నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు వస్తుందని చూపించాడు. ఇటు బ్రూక్లిన్‌లో ఫర్చ్‌గాట్ కుందేలు రక్తనాళం ముక్కల మీద అసిటైల్‌కోలిన్ వేస్తే ఏళ్ల తరబడి అవి బిగుసుకునేవి. 1978లో ఒకరోజు ఉల్టా సడలినయి! వెతికితే తేలింది ఏందంటే, ముక్క తయారు చేసేటప్పుడు లోపలి పొర రాసుకుని ఊడిపోతోంది. ఒక్క కణం మందమే ఉన్న ఆ పొరే ఎండోథీలియం. పొర ఉంటే నాళం సడలుతుంది, లేకుంటే బిగుస్తుంది. 1980లో అచ్చయింది. ఆ పొర పంపే సందేశం నైట్రిక్ ఆక్సైడే అని 1987కల్లా తేలింది. 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకి నోబెల్ బహుమతి, డైనమైట్ పైసలతో పెట్టిన బహుమతే.

ఈ పొర సడలించుడే కాదు, బిగించగలదు కూడా. 1988లో జపాన్‌లో యనగిసావా బృందం ఎండోథెలిన్‌ని కనిపెట్టింది.

అసలు ఆట చిన్న ధమనుల్లో. నాళం వ్యాసార్థం సగమైతే రక్తానికి అడ్డు 16 రెట్లు! అందుకే బిగింపుకి బ్రేక్ కావాలి. 1997లో వర్జీనియాలో కిమ్ డోరా, డ్యూలింగ్ హ్యామ్‌స్టర్ బుగ్గలోని సన్న నాళాల్లో ఆ బ్రేక్‌ని చూశారు. కండర కణం బిగుసుకుంటే దాంట్లో కాల్షియం పెరుగుతుంది, ఆ సంకేతం లోపలి పొరకి చేరుతుంది, పొర నైట్రిక్ ఆక్సైడ్ వదిలి ‘ఇగ చాలు’ అంటుంది. మా సాఫ్ట్‌వేరోళ్ల భాషలో ఫీడ్‌బ్యాక్ లూప్.

సిగరెట్, షుగర్ ఈ పొరనే దెబ్బతీస్తాయి. తాతల జేబులో ఉండే సార్బిట్రేట్ కూడా నైట్రోగ్లిజరిన్ కుటుంబమే. పొర దెబ్బతిన్నా అది నేరుగా కండరంలోనే నైట్రిక్ ఆక్సైడ్‌ని ఇస్తుంది. కానీ వయాగ్రా వేసుకున్నోళ్లు ఈ మాత్ర వేసుకోవద్దు. రెండూ ఒకే దారిలో పనిచేసి బీపీని ప్రాణం మీదికి తెచ్చేంత పడేస్తాయి. ఛాతీ నొప్పితో ఆస్పత్రికి పోతే, సిగ్గుపడకుండా ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పండి.