ఆది రవిక - అంగడి కొలత

దర్జీ యొద్దకు పోవునపుడు మన స్త్రీలు కొత్త గుడ్డతోపాటు ఒక పాత రవికను కూడ తీసికొని పోవుదురు. దానికి ‘ఆది’ అని పేరు. ఇది నాకు చక్కగా అమరినది, కొత్తది దీని ప్రకారమే కుట్టవలెనని భావము. అందులో అంకెలతో పని లేదు. ఒంటికి సరిపడిన వస్త్రమే అచట కొలబద్ద.

నేడు అనేకులు గుడ్డను చేతపట్టకయే, ఫోనుపై బొమ్మను చూచి దుస్తులు తెప్పించుకొనుచున్నారు. అచట ఆదికి మారుగా ఎస్, ఎమ్, ఎల్ అను అక్షరములో, 38, 40 అను అంకెలో ఎదురగును. వచ్చిన కుర్తా భుజముల కడ బిగిసినచో మనము ముందుగా నిందించునది అంకెను గాదు, మన దేహమును. ఈ నింద న్యాయమేనా? ఆ అంకె పుట్టిన కథ వినినచో కాదని తేలును.

1861 నుండి 1865 వరకు అమెరికాలో జరిగిన అంతర్యుద్ధమున ఉత్తర రాష్ట్రముల సేనకు లక్షల కొలది దుస్తులు కావలసివచ్చెను. ఒక్కొక్క సిపాయిని కొలిచి కుట్టుటకు వ్యవధి యెక్కడిది? సిపాయిల కొలతలను పరిశీలింపగా, కొన్ని ఛాతి కొలతలు, వానికి తగిన నడుము కొలతలు మరల మరల వచ్చుచుండుట కనబడెను. ఆ ప్రకారము కొన్ని సైజులు ఏర్పడినవి. యుద్ధానంతరము పురుషుల రెడీమేడు దుస్తుల వ్యాపారమునకు ఆ పద్ధతియే పునాది ఆయెను.

స్త్రీల విషయమున ఇంతటి ప్రయత్నము చాల ఆలస్యముగా జరిగినది. 1939-40 సంవత్సరములలో అమెరికా వ్యవసాయ శాఖ పక్షమున రూత్ ఓబ్రయన్, విలియమ్ షెల్టన్ అనువారు సుమారు 15,000 మంది స్త్రీల కొలతలను సేకరింపజేసిరి. ఒక్కొక్కరికి ఏబదికి మించిన కొలతలు తీసిరి. ఎంతో శ్రద్ధతో చేసిన పనియే. కాని తుది లెక్కలలో చేరినవి శ్వేతజాతి స్త్రీల కొలతలు మాత్రమే. ఇతరులను కొలిచినచోట్ల సైతము ఆ కాగితములను పక్కన బెట్టిరి.

ఆ లెక్కల ఆధారముననే ప్రధానముగా 1958లో ప్రభుత్వ ప్రమాణము వెలువడెను. దాని ప్రకారము 8వ సైజనగా రొమ్ము 31 అంగుళములు, నడుము 23.5 అంగుళములు. ఆ ప్రమాణమును పాటించుట వ్యాపారుల ఇష్టమునకే విడువబడినది. కొనువారికి చిన్న అంకె ప్రీతి గనుక, అంకెను అట్లే యుంచి గుడ్డను వెడల్పు చేయుట అలవాటాయెను. 1983లో ఆ ప్రమాణమును ఉపసంహరించిరి. నేటి 8వ సైజు ఆనాటి దానికంటె పలు అంగుళములు పెద్దది. అదియైనను అన్ని కంపెనీలకు ఒకటి కాదు.

ఇక యంత్రముల వంతు. జపానులో జోజో అను సంస్థ 2018లో చుక్కల తొడుగు నొకదానిని పంచిపెట్టెను. దానిని ధరించి ఫోను ఎదుట నిలిచి తిరిగినచో, కెమెరా ఆ చుక్కలను బట్టి దేహ కొలతలను లెక్కగట్టును. నేటి అంగళ్ళలో కొన్ని మన ఎత్తు, బరువు అడిగి, మనవంటివారు ఏ సైజును ఉంచుకొనిరో, దేనిని తిప్పి పంపిరో చూచి సలహా చెప్పుచున్నవి. యుక్తి మెచ్చదగినదే. కాని యంత్రము తన లెక్కలో లేని దేహమును గూర్చి ఊహింపవలసినదే గదా! 1940లో పక్కన బెట్టిన కాగితముల వలెనే, కొలవని వారికి పట్టికలో చోటుండదు.

మన కంపెనీలు చాలకాలము విదేశీ పట్టికలనే కొద్ది మార్పులతో వాడుకొనినవి. ఈ లోపమును తీర్చుటకే జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ, కేంద్ర జౌళి శాఖ అండతో, ‘ఇండియా సైజ్’ అను సర్వేను తలపెట్టెను. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, హైదరాబాదు, షిల్లాంగు మొదలగు నగరములలో 15 నుండి 65 ఏండ్ల వయసు గల 25,000 మందిని స్కానరు యంత్రములతో కొలువవలెనని సంకల్పించిరి. హైదరాబాదు ఆ జాబితాలో నుండుట మనకు సంతోషకరమే. అయితే పొలమున పనిచేయు స్త్రీ భుజము, మగ్గము ముందు కూర్చుండు నేతగాని వీపు కూడ ఆ లెక్కలలోనికి రావలెను.

అందాక గృహిణులకు ఒక ఉపాయము. మీకు చక్కగా అమరిన కుర్తానో చొక్కానో బల్లపై పరచి, చంక క్రింద అడ్డముగాను, భుజముల నడుమను, నిడివిలోను టేపుతో కొలిచి వ్రాసికొనుడు. అంగడివారి పట్టికలో చూపినవి దేహపు కొలతలా, వస్త్రపు కొలతలా అని చూడుడు. రెంటికిని నడుమ దర్జీలు చెప్పు ‘లూజు’ భేదముండును. వస్త్రపు కొలతలైనచో మీవానితో సరిపోల్చి, పిదప సైజును ఎంచుకొనుడు. అది మన ఆది రవిక పద్ధతియే. అప్పటికిని బిగిసినచో, తిప్పి పంపవలసినది వస్త్రమునే. దేహమును నిందింపవలసిన పని లేదు.