అగ్ని వ్రాసిన సాక్ష్యము



పి.గన్నవరం దగ్గర వైనతేయ గోదావరి మీద 2000లో కట్టిన కొత్త అక్విడెక్టుకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆ వంతెన దాటి నగరం వైపు వెళితే మామిడికుదురు మండలంలో ఆదుర్రు గ్రామమున్నది. అక్కడ పురాతన బౌద్ధ స్తూపపు ఇటుకలు నేటికీ కనబడతాయి. వాటిని ఎవరు కాల్చారో ఎవరూ వ్రాసిపెట్టలేదు. అయితే అటువంటి ఇటుక ఎంత వేడిని చూచిందో తెలుసుకొనే మార్గమున్నదా? ఉన్నది. అగ్నియే దాని లోపల వ్రాసిపెట్టింది.

గమనించండి, మట్టి ఒక్క పదార్థం కాదు. అందులో బంకమట్టి ఖనిజాలు, ఇసుక, అభ్రకపు రేకులు, సున్నం, ఇనుము కలిసి ఉంటాయి. బంకమట్టిలో కయోలినైట్ అనే ఖనిజముంటే, 450 నుండి 600 డిగ్రీల మధ్య తనలో ఇమిడియున్న నీటిని విడిచిపెడుతుంది. ఆ మెట్టు దాటిన మట్టిని ఎంత నానబెట్టినా మరల బురద కాదు. సున్నపురాయి ఖనిజమైన కాల్సైట్ 650 దాటాక విరగడం మొదలై 850కి దాదాపు అంతరిస్తుంది. అభ్రకం వంటి ఇల్లైట్ 900–950 వరకు నిలుస్తుంది. సున్నం ఎక్కువగా ఉన్న మట్టిలో 850 దాటితే గెహ్లెనైట్ అనే కొత్త ఖనిజం పుడుతుంది. 1000 దాటాక ముల్లైట్ కనబడుతుంది.

ఇసుకలోని క్వార్ట్జ్ మాత్రం 573 డిగ్రీల దగ్గర మారి, చల్లారగానే యథాస్థితికి వచ్చేస్తుంది. కనుక ఈ విషయంలో అది సాక్షిగా పనికిరాదు. మార్పు నిలిచియున్న ఖనిజమే సాక్షి.

చిటికెడు పొడి మీద ఎక్స్-రే కిరణాలు పంపితే ఏ ఖనిజాలున్నవో తెలుస్తుంది. గెహ్లెనైట్ ఉండి, ఇల్లైట్ ఇంకా మిగిలియుంటే, ఆ ఇటుక సుమారు 850–950 మధ్య కాలిందని చెప్పవచ్చు. మరొక పద్ధతి, ముక్కలను 700, 800, 900 డిగ్రీలలో తిరిగి కాల్చడం. పాత వేడిని మించేవరకు వాటిలో పెద్ద మార్పు రాదు, మించగానే వస్తుంది.

అయితే తొందరపడి తీర్పు చెప్పరాదు. తక్కువ వేడిలో చాలాసేపు ఉంచినా, ఎక్కువ వేడిలో కొద్దిసేపు ఉంచినా ఫలితం ఒకేలా ఉండవచ్చు. కాలిన సున్నం గాలితో కలిసి ఏళ్ళ తరబడి మరల కాల్సైట్ కావచ్చు. అందుకే ఒక్క సాక్షి మాట మీద కాక, ఇద్దరు ముగ్గురు సాక్షులను విచారించి చెప్పాలి. ఎరుపు రంగు కూడా మోసగించగలదు. అది మట్టిలోని ఇనుము, బట్టీలోని గాలి వలన కూడా వస్తుంది.

ఇది మనకెందుకని అడుగుతారేమో. కోనసీమలో తీరం దగ్గరి ఊళ్ళకు ఉప్పు, తేమ రెండూ ఉన్నవి. సరిగా కాలని ఇటుక వాటిని పీల్చి, గోడ అడుగున పొడిపొడిగా రాలిపోతుంది. పాత కట్టడాన్ని బాగుచేసేటప్పుడు మెత్తటి పాత ఇటుకల మధ్య గట్టి కొత్త ఇటుకలు, సిమెంటు పెడితే, బయటికి పోలేని తేమ పాతవాటిలోనే చేరి వాటిని తినివేస్తుంది. పాత ఇటుక చూచిన వేడి తెలిస్తే, దానికి తగిన ఇటుకను ఎంచుకోవచ్చు.

ప్రియులారా, ఈసారి పాత గోడ దగ్గర నిలిచినప్పుడు పై రంగు చూచి వెళ్ళిపోకండి. ఆ ఇటుకను కాల్చినవాని పేరు చెరిగిపోయినా, అతడు వేసిన మంట ఎంతటిదో ఆ ఇటుకలో ఇంకా ఉన్నది.