కౌలు శబ్దార్థవిచారము

కోనసీమలోఁ ‘గౌలు’ అను మాట యెఱుఁగని గ్రామము లేదు. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలోఁ బరుల పొలమును సార్వాకో దాళ్వాకో, కొబ్బరితోఁటను సంవత్సరమునకో, ఇంత ధాన్యమనియో యింత రొక్కమనియో యేర్పఱచుకొని సాగుచేయుటకుఁ గౌలని పేరు. అట్లు చేయువాఁడు కౌలుదారు. ఈ పదము తెలుఁగునఁ గలిసిపోయి వ్యవసాయపు మాటగానే చెల్లుచున్నది. కాని దీని మూలార్థమునకు భూమితో నెట్టి సంబంధమును లేదు. ఇది యరబ్బీ శబ్దము. దీని యర్థము ‘పలుకు’.

సంస్కృతజ్ఞులకు ‘కుల’ శబ్దముపై అణ్ప్రత్యయము చేరిన ‘కౌల’ శబ్దము స్ఫురింపవచ్చును. అది కులసంబంధమును, కౌలమార్గమును దెలుపునేగాని యొప్పందమును దెలుపదు. ధ్వనిసామ్యమాత్రమున వ్యుత్పత్తి సిద్ధింపదు.

అరబ్బీలో దీని ధాతువు క-వ-ల అను మూఁడు హల్లులు. అందలి కకారము మన కకారముకంటె లోఁతునఁ, గొండనాలుకయొద్దఁ బుట్టునది. తెలుఁగున నా భేదము నిలువలేదు. నడిమి వకారము దుర్బలము. ‘కాల’ (పలికెను) అను క్రియలో నది దీర్ఘమున లీనమై, ‘కౌల్’ అను నామమున మరలఁ గానవచ్చును. సంస్కృతమున ‘వచ్’ ధాతువు వచనమున వకారముతో నుండి, ఉక్తమున నుకారమగుట వైయాకరణులెఱిఁగినదే. ప్రక్రియ వేఱైనను, అంతస్థముయొక్క చాంచల్యము రెంటను సమానము.

ఈ యొక్క శబ్దమున కరబ్బీ శాస్త్రములలోఁ బెక్కర్థములు గలవు. 1274లో మరణించిన ఇబ్న్ మాలిక్ వేయి పద్యముల వ్యాకరణమగు ‘అల్ఫియా’లో, పూర్ణార్థమునిచ్చు వాక్యమునకుఁ ‘గలాము’ అనియుఁ, బదవాక్యములు రెంటికిని సాధారణముగాఁ ‘గౌలు’ అనియు వ్యవస్థచేసెను. అర్థములేని యుచ్చారణమును ‘లఫ్జు’ అనవచ్చునుగాని కౌలనరాదు. మహాభాష్యారంభమున శబ్దమననేమి యను విచారమును జదివినవారికి నీ చర్చ క్రొత్తగాఁ దోఁపదు.

ధర్మశాస్త్రమునఁ గౌలనఁగా మతము, సిద్ధాంతము. 820లో మరణించిన షాఫియీ బాగ్దాదునఁ జెప్పినవి పూర్వకౌలనియు, నీజిప్టునఁ జెప్పినవి నవీనకౌలనియు వ్యవహరింపఁబడుచున్నవి. క్రియకు ‘బి’ యను నవ్యయము చేరిన నొక మతము నవలంబించుట. ‘అలా’ చేరిన నొకరిపై లేనిమాట కల్పించుట. ఉపసర్గచే ధాత్వర్థము మాఱుట యిచటను జూడనగును. ఇబ్న్ మన్జూర్ రచించిన ‘లిసానుల్ అరబ్’ అను మహానిఘంటువునందు మఱియొక వింత గలదు: చేతితోఁ బలికెనన్నఁ బట్టుకొనెననియుఁ, గాలితోఁ బలికెనన్న నడచెననియు నర్థము. అనఁగాఁ బలుకు సర్వక్రియలకును బ్రతినిధియైనది. గాయకుఁడగు కవ్వాలు, వాని గానమగు కవ్వాలీ యీ ధాతువునుండి పుట్టినవే.

మఱి పలుకు భూమి కెట్లు చేరెను? తెలుఁగున ‘మాట యిచ్చుట’, ‘మాట తప్పుట’ యనునపుడు మాటయనఁగాఁ బ్రతిజ్ఞయే. కౌలునకు నదియే గతి. దక్కను రాజ్యములలోఁ బ్రభువు తన మాటను బత్రమున కెక్కించి యిచ్చినఁ గౌల్నామా యైనది. ఊరు విడిచిపోయిన రైతులను మరల రప్పించి, మొదట శిస్తు తగ్గించి, క్రమముగాఁ బెంచుదుమని యిచ్చు నభయపత్రమునకు నిదియే పేరు. 1639లో దామెర్ల నాయకులు చెన్నపట్టణమున నింగ్లీషువారికిఁ గోట కట్టుకొననిచ్చిన పత్రమును వారు కౌలనియే వ్రాసికొనిరి. 1886లో వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు గుత్తపత్రము, అభయపత్రము, లిఖితమగు నొడంబడిక యని దీని యర్థములను జెప్పుచున్నది. ఇట్లు పలుకు ప్రతిజ్ఞయై, ప్రతిజ్ఞ పత్రమై, పత్రము భూమిపై హక్కైనది.

కోనసీమలో నీ పరిణామము వెనుకకుఁ దిరిగినది. కౌలు నేఁడచటఁ బెక్కుచోట్లఁ బత్రము లేని మాటయే. వ్రాసియిచ్చినఁ గౌలుదారునకు హక్కు స్థిరపడునని భూస్వామికి భయము. వ్రాయుమని పట్టుపట్టినఁ బొలము చేజాఱునని కౌలుదారునకు భయము. పంట మునిఁగిననాఁడు పరిహారమును, బ్యాంకు ఋణమును గాగితమునఁ బేరున్నవానిని వెదకికొనిపోవును. చేనున నిలిచినవాఁడు మాటమాత్రముతో మిగులును. 2011లోఁ గోనసీమ రైతులు సార్వా పంటకు విరామము ప్రకటించి దేశము దృష్టి నాకర్షించిరి. ఆ సంవత్సరముననే సాగుదారులకు గుర్తింపు కార్డులిచ్చు శాసనము వచ్చినది. 2019లో వచ్చిన శాసనము పదునొకండు నెలల కార్డునకు భూస్వామి సంతకమును గోరెను. సంతకమిచ్చుటకే జంకువాఁడున్నచోట నా కార్డు కౌలుదారు చేతికందుట యెట్లు?

అరబ్బీనుండియే వచ్చిన ‘కబూలు’, ‘కరారు’ అనునవి కౌలునకుఁ దోడి పదములు. ధ్వని సమీపమైనను ధాతువులు వేఱు. కౌలు పలుకుట, కబూలు అంగీకరించుట, కరారు స్థిరపడుట. పూర్వులు ‘కౌలుకరారు’ అని జంటగాఁ బలుకుటలో నొక న్యాయము గలదు: పలికినది స్థిరపడినఁగాని యొప్పందము కాదు. కోనసీమ పొలములలోఁ గౌలు నిలిచినది, కబూలును నిలిచినది. కరారు మాత్రము జాఱినది. ఆ మూఁడవ పదమును మరల జతపఱచుట శాబ్దికుల పని కాదు, శాసనకర్తల పని.