బడిపిల్లల ప్రాణరక్షణ: వియన్నా నగరము నేర్పిన పాఠము

పరీక్షాఫలితములు వెలువడు దినమున మన పట్టణములలో కొన్ని ఇండ్ల తలుపులు మూసియుండును. లోపల ఒక పిల్లవాడో, ఆడపిల్లయో ఒంటరిగా కూర్చుండి ఉందురు. వెలుపల చుట్టములును, ఇరుగుపొరుగువారును “మార్కులెన్ని?” అని అడుగుచుందురు. ఆ కొద్ది గంటలలో ఆ బిడ్డ మనస్సులో ఏమి జరుగుచున్నదో తెలిసికొనవలసినవారెవరు? తల్లిదండ్రులా? వైద్యులా? బడియా? ఈ ప్రశ్న నేడు పుట్టినది కాదు. నూరేండ్లకు పూర్వమే ఆస్ట్రియా రాజధానియైన వియన్నాలో కొందరు దీనిని చర్చించినారు. ఆ నగరము ఈ ప్రశ్నకు వెదకిన సమాధానముల చరిత్ర మనము తెలిసికొనదగినది.

ఇరువదవ శతాబ్ది ఆరంభమున జర్మను భాష మాటలాడు దేశములలో బడిపిల్లల ఆత్మహత్యలను గూర్చి పత్రికలలో పెద్ద వివాదము చెలరేగినది. నేరమంతయు పాఠశాలదేయని కొందరు, కాదు ఇంటిదని కొందరు వాదించుచుండిరి. 1910 ఏప్రిల్ నెలలో వియన్నా మనోవిశ్లేషణ సంఘమువారు రెండు సాయంకాలములు ఈ విషయమునకే కేటాయించినారు. ఆ సభలో సిగ్మండ్ ఫ్రాయిడ్, ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ వంటి వైద్యులు ఉన్నారు. కాని చర్చను ప్రారంభించినది వైద్యుడు కాదు, ఒక బడిపంతులు. ఆయన పేరు డేవిడ్ ఎర్నెస్ట్ ఒప్పెన్‌హైమ్. ఉన్నత పాఠశాలలో గ్రీకు, లాటిన్ భాషలు బోధించువారు. ఆ చర్చ పుస్తకరూపమున వెలువడినపుడు ఆయన తన పేరు ప్రకటింపక, “అనేకులలో ఒకడు” అని అర్థమిచ్చు లాటిన్ మారుపేరు పెట్టుకొన్నారు.

నిందనంతయు బడి నెత్తిన రుద్దుట న్యాయము కాదని ఒప్పెన్‌హైమ్ వాదించినారు. ఫ్రాయిడ్ ఆ మాటను కొంతవరకు అంగీకరించినారు. ఉన్నత పాఠశాల గడప త్రొక్కక, చిన్ననాటనే పనులు నేర్చుకొనుచున్న బాలురలోను ఇట్టి మరణములు కలవు గదా! కాని అంతమాత్రమున బడి బాధ్యత తీరిపోలేదని ఆయన హెచ్చరించినారు. పిల్లలను చావువైపు నెట్టకుండుట ఒక్కటియే బడికి చాలదు. ఇంటితో ముడి సడలుచుండు ఆ లేతవయస్సున వారికి బ్రతుకుపై కోరిక కలిగింపవలెను, ఊతగా నిలువవలెను. పూర్తిగా ఎదుగని మనస్సులతో తాను వ్యవహరించుచున్నానని బడి మరువరాదు. ఇదియే ఆయన మాటల సారము. తాము ఏ నిర్ణయమునకును రాలేకపోతిమని చర్చ చివర ఆయనయే ఒప్పుకొన్నారు. అయినను ఆ సాయంకాలములు వృథా కాలేదు. “నేరము ఎవరిది?” అను ప్రశ్న వెనుకకు పోయి, “ఊత ఇయ్యవలసినది ఎవరు?” అను ప్రశ్న ముందునకు వచ్చినది.

మరుసటి యేడు, 1911లో, ఆడ్లర్ ఫ్రాయిడ్‌తో విడిపోయినారు. ఒప్పెన్‌హైమ్ ఆడ్లర్ వెంట నడచినారు. మొదటి ప్రపంచయుద్ధము ముగిసి, ఆకలితో, అప్పులతో క్రుంగియున్న వియన్నాలో ఆడ్లరును, ఆయన శిష్యులును పాఠశాలలను ఆశ్రయించి బాలల సలహాకేంద్రములు నెలకొల్పినారు. 1920వ దశకము చివరకు ఇట్టివి దాదాపు 30 ఏర్పడినవి. వీని పద్ధతి సులభమైనది. బిడ్డ, తల్లిదండ్రులు, ఉపాధ్యాయుడు ఒక్కచోట కూర్చుందురు. వైద్యుడు బిడ్డను రోగిగా కాక, ధైర్యము కోల్పోయిన మనిషిగా చూచును. కోల్పోయిన ధైర్యమును తిరిగి కల్పించుటయే అక్కడి చికిత్స. చూచుచున్న ఉపాధ్యాయులు ఆ విద్యను తమ తరగతిగదికి తీసికొనిపోవుదురు.

ఆడ్లర్ బృందములో పెరిగి, తరువాత దానికి దూరమైన విక్టర్ ఫ్రాంకల్ అను యువకుడు ఇంకొక అడుగు ముందుకు వేసినాడు. వైద్యవిద్యార్థిగా ఉన్నపుడే, 1928 నుండి, యువకుల కొరకు ఉచిత సలహాకేంద్రములను ఏర్పాటు చేసినాడు. బాలల మనస్తత్వమునందు నిపుణురాలగు షార్లట్ బ్యూలర్ వంటివారు ఆయనకు తోడ్పడినారు. ఫ్రాంకల్ గమనించిన విషయము మనకు మిక్కిలి పరిచితమైనది. మార్కుల పట్టికలు చేతికందు దినములలోనే పిల్లలు ఎక్కువగా ప్రాణములు తీసికొనుచున్నారు. కనుక ఆయన ఆ దినములకు ముందుగనే ప్రత్యేకముగా సలహాలిచ్చు ఏర్పాటు చేయించినాడు. అట్లు చేసిన పిదప, చాల ఏండ్లలో మొదటిసారిగా, వియన్నాలో ఒక్క విద్యార్థియు ఆత్మహత్య చేసికొనలేదని ఆయన తరువాత వ్రాసికొన్నాడు.

ఈ దీపము ఎక్కువ కాలము వెలుగలేదు. 1934లో ఆస్ట్రియాలో ప్రజాస్వామ్యము అంతరించగా ఆడ్లర్ సలహాకేంద్రములు మూతపడినవి. 1938లో హిట్లరు ఆ దేశమును ఆక్రమించినాడు. ఒప్పెన్‌హైమ్, ఫ్రాంకల్ ఇరువురును యూదులు. 1942లో ఇరువురును టెరెజీన్ నిర్బంధస్థలమునకు తరలింపబడినారు. ముప్పదిరెండేండ్ల క్రిందట బడిపిల్లల ప్రాణములను గూర్చి మొదట మాటలాడిన ఆ పంతులు 1943లో అక్కడనే కన్నుమూసినారు. ఫ్రాంకల్ అక్కడ కూడ తన పనిని మానలేదు. క్రొత్తగా వచ్చి దిగ్భ్రాంతులైనవారిని పలుకరించి, వారు ఆశ వదలుకొనకుండ చూచుటకు ఒక చిన్న బృందమును కూర్చుకొన్నాడు. పలుకరింపు ఒక చికిత్సయని ఇంతకన్న కఠినమైన పరీక్షలో ఎవరు నిరూపింపగలరు?

యుద్ధానంతరము ఎర్విన్ రింగెల్ అను వైద్యుడు 1948లో వియన్నాలోనే ఆత్మహత్యానివారణకేంద్రమును స్థాపించినాడు. 1960లో ఈ విషయమునకై అంతర్జాతీయసంఘము కూడ అక్కడనే వెలసినది. కాని ఒక లోపము మిగిలినది. ఒక యేడు మరణములు తగ్గినంత మాత్రమున కారణము ఫలానా ఏర్పాటేయని శాస్త్రము ఒప్పుకొనదు. ఏర్పాటు ఉన్న బడిని, లేని బడిని ప్రక్కప్రక్కన నిలిపి కొలిచి చూడవలెను.

ఆ కొలత 2015లో ప్రకటితమైనది. స్వీడనుకు చెందిన డానుటా వాసర్‌మన్ నాయకత్వమున, ఆస్ట్రియాతో సహా 10 ఐరోపా దేశములలోని 168 పాఠశాలలలో 11,110 మంది విద్యార్థులను పరిశీలించినారు. వారు సుమారు పదునైదేండ్లవారు. మూడు పద్ధతులను పరీక్షించినారు. ఒక చోట ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చినారు. ఒక చోట ప్రశ్నావళి ద్వారా ప్రమాదములో ఉన్నవారిని గుర్తించి నిపుణుల యొద్దకు పంపినారు. మూడవ చోట తరగతిలోని పిల్లలందరికిని నాలుగు వారములలో అయిదు గంటలు కేటాయించినారు. దుఃఖము, ఒత్తిడి, కలత వచ్చినపుడు ఏమి చేయవలెనో, స్నేహితునికి ఎట్లు తోడుపడవలెనో పిల్లలు తామే పాత్రలు ధరించి అభినయించి నేర్చుకొన్నారు.

మూడు నెలలకు చెప్పుకోదగిన తేడా కనబడలేదు. పండ్రెండు నెలలకు కనబడినది. ఏ ప్రత్యేక శిక్షణయు లేని బడులలో క్రొత్తగా ఆత్మహత్యాప్రయత్నము చేసినవారు 1.51 శాతము ఉండగా, ఈ మూడవ పద్ధతి అనుసరించిన బడులలో 0.70 శాతము. తీవ్రమైన ఆత్మహత్యాచింతన కూడ సుమారు సగమునకు తగ్గినది. తక్కిన రెండు పద్ధతులలో ఇట్టి స్పష్టమైన ఫలితము రాలేదు. ఏరి తీసిన కొందరికి కాక, అందరికిని నేర్పిన విద్యయే ఎక్కువ మందిని కాపాడినది. ఇది విత్తిన మరునాడు కోయు పంట కాదనియు ఆ కొలత చెప్పుచున్నది.

ఈ చరిత్ర మనకు దూరపుది కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితముల వెంట 20 మందికి పైగా విద్యార్థులు మరణించిరన్న వార్త తెలుగువారందరిని కలచివేసినది. విశాఖపట్నములో చదువుకొనుచుండి మరణించిన ఒక విద్యార్థిని విషయమున 2025 జులై 25న సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, 100 మంది లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థయందును అర్హతగల సలహాదారు కనీసము ఒకరుండవలెనని ఆదేశించినది. చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసికొనవలెను. మార్కులనుబట్టి పిల్లలను వేరు బృందములుగా విభజింపరాదు, నలుగురిలో అవమానింపరాదు.

ఆదేశము కాగితముపై ఉన్నది. దానిని తరగతిగదికి తేవలసినవారము మనము. ఫలితములు వచ్చిన పిమ్మట కాదు, వచ్చుటకు ముందే పిల్లలను పలుకరింపవలెను. “చనిపోవలెనని ఎపుడైన అనిపించుచున్నదా?” అని నెమ్మదిగా, నేరుగా అడుగుటవలన ఆ తలంపు క్రొత్తగా పుట్టదు. అంతవరకు ఒంటరిగా మోయుచున్న బరువును దించుకొనుటకు అది త్రోవ చూపును. అవునని చెప్పిన బిడ్డను మందలింపరాదు, వాదింపరాదు, ఒంటరిగా విడువరాదు; వెంటనే నిపుణుల సాయము పొందవలెను. 2022 అక్టోబరు నుండి నడచుచున్న టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యపై ఏ వేళనైనను, ఉచితముగా, తెలుగులోనే మాటలాడవచ్చును.

ఆనాడు వియన్నాలో తొలుత నోరు తెరచిన పంతులు తనను “అనేకులలో ఒకడు” అని చెప్పుకొన్నారు. ప్రతి బడిలోను అట్టి ఒక్కరున్న చాలును. మూసిన తలుపు ముందు నిలిచి, మార్కులడుగక, “అన్నము తింటివా, నాయనా?” అని పిలుచు గొంతుక ఒకటి ఉన్న చాలును. ఆ తలుపు తెరచుకొనును.