స్టాక్: గడ్డివామి నుంచి స్విచ్‌ల దాకా

పాత నార్స్ భాషలో ‘స్టాక్‌ర్’ అంటే గడ్డివామి. అది ఇంగ్లీషులో ‘స్టాక్’ అయింది. ఒకదానిమీద ఒకటి పేర్చిన దేనికైనా ఇప్పుడు అదే పేరు.

నెట్‌వర్క్ గదిలో మాత్రం పేర్చినంత మాత్రాన స్టాక్ కాదు. సిస్కో క్యాటలిస్ట్ 3750 స్విచ్‌లనే చూడండి. వెనకవైపు ప్రత్యేక కేబుళ్లతో కలిపితే తొమ్మిది దాకా ఒకే స్విచ్‌లా పనిచేస్తాయి. అందులో ఒకటి మాస్టర్. దాని మ్యాక్ అడ్రసే స్టాక్ మొత్తానికీ చిరునామా.

చిక్కంతా ఇక్కడే. మాస్టర్ ఆగిపోతే మరో స్విచ్ ఆ బాధ్యత తీసుకుంటుంది, మామూలుగా చిరునామా కూడా మారిపోతుంది. అప్పుడు పక్క పరికరాలన్నీ కొత్త చిరునామా నేర్చుకోవాలి. ఆలోగా ట్రాఫిక్ తెగొచ్చు. దీనికి విరుగుడు ‘స్టాక్-మ్యాక్ పర్సిస్టెంట్ టైమర్’ అనే కమాండ్. అంకె ఇవ్వకపోతే పాత చిరునామాను సుమారు 4 నిమిషాలు నిలుపుతుంది. 1 నుంచి 60 నిమిషాల దాకా మనమే పెట్టుకోవచ్చు. 0 ఇస్తే ఎప్పటికీ అదే. లాటిన్‌లో నిలబడటాన్ని చెప్పే క్రియ నుంచి వచ్చిన ‘పర్సిస్టెంట్’ ఇక్కడ అచ్చంగా ఆ పనే చేస్తోంది.

అయితే 0 పెట్టాక పాత మాస్టర్‌ను విప్పి అదే నెట్‌వర్క్‌లో ఇంకోచోట బిగిస్తే, ఒకే చిరునామా రెండుచోట్ల కనిపించి ట్రాఫిక్ దారితప్పుతుంది. ఆ పాత మాస్టర్‌ను మళ్లీ వాడేముందు, స్టాక్‌లో ఆ కమాండ్‌కు ముందు ‘నో’ చేర్చి రద్దు చేయాలి.