ఊరు నిండాలన్న కవి, ఊరు మునిగితే ఏడ్చిన కవి



మా పుట్టిల్లు జహీరాబాద్ దగ్గర చిరాగ్‌పల్లి. బొంబాయి రోడ్డు మీద, కర్ణాటక సరిహద్దు పక్కనే. చిన్నప్పుడు ఎవరైనా హైదరాబాదు వెళ్లివస్తే ఇరుగుపొరుగంతా చుట్టూ చేరేవాళ్లం. "ఏం చూసొచ్చినవ్?" అంటే "చార్మినార్" అనేవారు. సంచీలోంచి గాజులు తీసేవారు. కాపురానికొచ్చిన కొత్తలో నేనూ అంతే చూశాను. ఈ నగరానికో మనసుందని తెలిసింది మాత్రం కవుల వల్లనే.

1591లో మూసీ ఒడ్డున ఈ నగరాన్ని నెలకొల్పిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా స్వయంగా కవి. దక్కనీలో రాశాడు. రాజుగారి కవిత్వమంటే యుద్ధాలే అనుకుంటాం కదా! ఈయన వానాకాలం మీద, వసంతం మీద, పండుగల మీద రాశాడు. తన ఊరు జనంతో నిండుగా ఉండాలని దేవుణ్ణి వేడుకున్నాడు. కొత్త ఇంట్లో పాలు పొంగిస్తూ మనం కోరుకునేదీ అదేగా!

కోరిక ఫలించింది, ఊరు నిండింది. సరోజినీ నాయుడు ఆ నిండుదనాన్ని బజారులో చూసి ఇంగ్లీషులో పద్యం కట్టింది. 1912లో వచ్చిన ఆమె పుస్తకంలో ఉందది. వర్తకులందరి తర్వాత చివరికి పూలు గుచ్చే ఆడపిల్లలొస్తారు. పెళ్లికీ వాళ్లే గుచ్చుతారు, చావుకీ వాళ్లే.

ఆ చావు ఊరి మీదికి ఒకసారి నిజంగానే వచ్చింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది కొట్టుకుపోయారు. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలో చింతచెట్టెక్కి నూటయాభైమంది దాకా బతికారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అమ్జద్ హైదరాబాదీ అనే ఉర్దూ కవికి మాత్రం ఆ వరదలో తల్లి, భార్య, కూతురు ముగ్గురూ పోయారు. తనొక్కడే మిగిలాడు. ఆ దుఃఖాన్నే 'ఖయామతే సుగ్రా' అని పద్యంగా రాసుకున్నాడు. చిన్న ప్రళయం అని దానర్థం. వేలమంది అంటే మనకి అంకెలాగే ఉంటుంది. అమ్మ, ఆలి, బిడ్డ అంటే కడుపులో దేవినట్టవుతుంది.

మళ్లీ అలాంటి వరద రాకూడదనే 1920లో గండిపేట చెరువు, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తిచేశారు. తరతరాలుగా మనం బిందెలకెత్తుకున్న గండిపేట నీళ్ల వెనక అంత ఏడుపుంది.

ఈసారి గాజుల బేరానికి పాతబస్తీ వెళ్లినప్పుడు, మూసీ వంతెన మీద ఒక్క నిమిషం కిందికి చూడండి. ఇంటికొచ్చాక అమ్జద్ సంగతి పిల్లలకి చెప్పండి. చార్మినార్ ఎత్తెంతో వాళ్లకి బడిలో చెబుతారు. ఈ ముచ్చట మనమే చెప్పాలి.