ఆదవాని సీమలో పల్లెబడి

ఆదవాని దుర్గమును గూర్చియు, దానిని ముట్టడించిన రాజులను గూర్చియు వ్రాసినవారు పలువురు కలరు. కాని యా దుర్గపు నీడలో, నల్లరేగడి చేల నడుమ, రైతుబిడ్డలు అక్షరములు దిద్దుకొన్న వీధిబడిని గూర్చి తలచినవా రరుదు. మహాసభలలో విద్యాభివృద్ధి తీర్మానములు చేయుట మనకు పరిపాటి. అట్టి మనము, పూర్వులు బడి నెట్లు నడిపిరో, అది యేల మూతపడెనో ముందుగ తెలిసికొనుట యావశ్యకమని మేము తలంచుచున్నాము.

ఆదవాని, యెమ్మిగనూరు ప్రాంతములు 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో చేరినవి. అంతకుముందు బళ్లారి జిల్లాలోనివి. కావున మన బడుల పూర్వచరిత్ర బళ్లారి లెక్కలలో వెదకవలెను. 1800లో నిజాము ఈ సీమను కుంపిణీవారి కిచ్చెను. అప్పు డిచట ప్రధాన కలెక్టరుగ నుండి, పిమ్మట చెన్నపట్టణపు గవర్నరైన సర్ తామస్ మన్రో 1822లో జిల్లాలన్నింట బడుల లెక్కలు తెప్పించెను. బళ్లారి కలెక్టరు కాంప్‌బెల్ 1823 ఆగష్టులో పంపిన నివేదిక వానిలో మిక్కిలి వివరమైనది.

ఆ లెక్క ప్రకారము 9,27,857 జనసంఖ్యగల జిల్లాలో 533 బడు లుండెను. వానిలో కన్నడపు బడులు 235, తెలుగు బడులు 226. తక్కినవి మరాటీ, పారసీ, సంస్కృతము మొదలగు భాషలవి. చదువరులు 6,641 మంది. అందు బ్రాహ్మణబాలురు 1,185 మంది కాగా, పట్టికలో శూద్రులని వ్రాయబడిన సేద్యగాండ్రు మొదలగువారి బాలురు 2,998 మంది. రైతుబిడ్డకు చదువు క్రొత్త కాదనుట కింతకంటె సాక్ష్య మేల? అయినను మన మాత్మస్తుతి చేసికొనరాదు. జిల్లా మొత్తమున చదువు బాలికలు 60 మందియే!

బాలుని కైదవయేట శుభదినమున అక్షరాభ్యాసము జరిగెడిది. ప్రొద్దున ఆరుగంటలకే బడి. అందరికన్న ముందు వచ్చినవాని యరచేత సరస్వతి పేరు వ్రాయుదురు, రెండవవానికి సున్న, మూడవవానికి మెల్లగ నొక దెబ్బ, ఆపై వచ్చినవారి కొక్కొక్క దెబ్బ హెచ్చు. మొదట ఇసుకలో వ్రేలితో దిద్దుట, తరువాత తాటాకులు, మసిపూసిన గుడ్డతో చేసిన కడితములు. పై తరగతివారు క్రింది తరగతివారికి చెప్పుటచే నొక్క అయ్యవారే బడినంతయు నడపగలిగెను. ఈ పద్ధతిని ఇంగ్లండులో ననుకరించుట తగియే యున్నదని కాంప్‌బెల్ మెచ్చుకొనెను.

ఇట్టి బడు లేల క్షీణించినవి? ఆ కలెక్టరే కారణము చెప్పెను. పూర్వము బడులుండిన పెక్కు గ్రామములలో నా నాటికి బడి లేదు. సీమ వస్త్రములు దిగుటచే నేతగాండ్ర జీవనము చెడెను. దేశము పేదదయ్యెను. బిడ్డ చేతులు చిన్నపనికి వచ్చిన వెంటనే తలిదండ్రులు వానిని కూలికి పంపవలసి వచ్చెను. ఉన్న 533 బడులలో నొక్కదానికైన సర్కారు సాయము లేదని చెప్పుటకు సిగ్గగుచున్న దని యాయన వ్రాసెను. చదువుపై మమకారము లేక బడి మూతపడలేదు. కూడు లేక మూతపడినది.

మన్రో 1826లో తాలూకాల కొక్కొక తహసీలుదారీ బడి పెట్టనెంచెను. కాని 1827 జూలై 6న మన పత్తికొండయందే వాంతిభేది తగిలి మరణించెను. ఆ బడులును 1836లో ఎత్తివేయబడెను. పిమ్మట 1876–78 నాటి ధాత కరువు ఈ సీమను తుడిచిపెట్టెను. కడుపు నిండనిచో బడి నిలువదను పాఠమును మన ప్రాంతము పలుమారులు నేర్చినది.

దీనికి మాఱు దృష్టాంతమును గూడ యెమ్మిగనూరే చూపినది. 1938లో మాచాని సోమప్పగారు చేనేతవారి సహకారసంఘమును స్థాపించి, చెదరిన మగ్గముల నొక్కచోట చేర్చిరి. 1954లో వారికి పద్మశ్రీ బిరుదము లభించెను. ఒంటరిగ నిలువలేని మగ్గము సంఘముగ నిలిచినది. మగ్గమునకు చెల్లిన న్యాయము బడికి చెల్లదా?

నేడు బడులు లేకపోలేదు. నిర్బంధవిద్యకు 2009లో చట్టమును వచ్చినది. తుంగభద్ర కాలువ కొన్ని యూళ్లను తడుపుచున్నది. కాని వానను నమ్మిన యూళ్లలో పంట చేజారిన యేడు, మనవారు సుగ్గి యని పిలుచు వలసకు కాపురములే కదలి, గుంటూరు సీమ మిరపతోటలకు పోవుచున్నవి. తలిదండ్రులతో బిడ్డలును పోవుదురు. బడి తెఱచియే యుండును, పలక పట్టువాడుండడు. తిరిగి వచ్చిన బిడ్డ పాఠమున వెనుకబడి, సిగ్గుపడి, మఱి బడి గడప త్రొక్కడు. 1823లో కాంప్‌బెల్ వ్రాసిన మాట యింకను మన వాకిట నున్నది.

కావున పోషకమహాశయులకు మా మనవి యొక్కటే. బడికి గోడలు కట్టించి పేరు చెక్కించుట మంచిదే. అంతకన్న మంచిది, సుగ్గి నెలలలో గ్రామమున నిలిచిన బిడ్డలకు రెండుపూటల కూడు, రాత్రి పడకకు చోటు, కనిపెట్టి యుండుట కొక పెద్దదిక్కు కల్పించుట. పంట పండిన యేట కళ్లమునొద్ద ఇంటికింత జొన్నలు తీసి యుంచినచో పండనియేట నక్కరకు వచ్చును. ముఖ్యముగ నాడుబిడ్డలను మఱవరాదు. ఆ 60 అను సంఖ్య మన తలపై నున్న ఋణము. ఈ ఋణమును తీర్చుట తీర్మానములచే కాదు, ప్రతి యూర నొక్క బిడ్డనైన బడిలో నిలుపుటచే ప్రారంభము కావలెను.